ఎదుట పృచ్ఛకుడు: తెలుగు ఆశుధార రచనకు నేర్పిన విద్య

తిక్కన భారతం చెబుతున్న కాలం. ఆయన ఆగకుండా చెప్పాలి, కుమ్మరి గురునాథుడు ఆగకుండా రాయాలి. అది వాళ్ళిద్దరి ఒప్పందమని పరంపరగా చెప్పుకుంటారు. యుద్ధం ఆఖరి ఘట్టాల్లో సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడుతున్న ఒక పద్యంలో తిక్కనకు తర్వాతి మాట తట్టలేదు. దిక్కుతోచక లేఖకుడి వైపు తిరిగి, ఇంకేం చెప్పను గురునాథా అన్నాడట. గురునాథుడు గంటం ఆపలేదు. ద్రుతం తర్వాత వచ్చే ‘కురునాథా’ అన్న పిలుపు సంధిలో ‘గురునాథా’గానే వినిపిస్తుంది. కురునాథుడంటే ధృతరాష్ట్రుడే. గణాలు కుదిరాయి, సందర్భం కుదిరింది, నోట మాట రాని సంజయుడి దుఃఖం కూడా ఆ పిలుపులోకి వచ్చి కూర్చుంది.

ఇది జరిగిందో లేదో తేల్చడం చరిత్రకారుల పని. తరాల తరబడి ఈ కథను చెప్పుకున్నవాళ్ళకు మాత్రం రచన గురించి ఒక గట్టి ఎరుక ఉంది. తడబాటును కొట్టేయకుండా పద్యంలోకి రానిస్తే, కవి అనుకోని చోట ప్రాణం పుడుతుందని వాళ్ళకు తెలుసు. మన సాహిత్య చరిత్రలు ఆశువును ఎప్పుడూ ఒక అబ్బురంగానే చూశాయి: ఎంత వేగం, ఎంత జ్ఞాపకం, గంటకు ఎన్ని పద్యాలు. ఆ చూపు చాలదు. ఆశువు తెలుగువాళ్ళ మొదటి రచనాశాల అని నా నమ్మకం. ఆ శాలలో కవి ఒంటరిగా లేడు. ఎదురుగా ఒకరు కూర్చుని అడిగేవారు, అడ్డం పడేవారు, ఊహించని మాట విసిరేవారు. ఆ ఎదుటి మనిషి ఏ కాలంలో ఎలా ఉన్నాడో, ఎప్పుడు లేకుండా పోయాడో చూస్తే, మన రచన ఎక్కడ కదిలిందో ఎక్కడ బిగుసుకుపోయిందో కొంత తెలుస్తుంది.

పాత లాక్షణికులు కవిత్వాన్ని ఆశు, మధుర, చిత్ర, విస్తరాలని నాలుగుగా విడదీశారు. వాటిలో ఆశువుకు వేరే గ్రంథాలంటూ పెద్దగా మిగలవు, దాని స్వభావమే అది. మిగిలినదంతా చాటువుల్లో ఉంది. కాశీఖండం లాంటి బరువైన కావ్యం చెప్పిన శ్రీనాథుడే పల్నాడు వెళ్ళి అక్కడి జొన్నకూడు మీద, నీటి ఎద్దడి మీద అప్పటికప్పుడు పద్యాలు చెప్పాడని లోకం నమ్మింది. కృష్ణదేవరాయలు గండపెండేరం పళ్ళెంలో పెట్టి సంస్కృతాంధ్రాల్లో సమానంగా కవిత్వం చెప్పగలవారెవరని అడిగితే పెద్దన లేచి ఉత్పలమాలిక అందుకున్నాడన్న కథ ఇప్పటికీ బడిపిల్లలకు తెలుసు. వీటిలో ఏ పద్యం నిజంగా ఎవరిదో చెప్పడం కష్టం. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఇలాంటివి ఏరి ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చకపోయి ఉంటే చాలా భాగం గాలికి పోయేది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి 1998లో ఇంగ్లీషులో చాటువుల మీద తెచ్చిన పుస్తకం ఒక విలువైన సంగతి పట్టుకుంది. చాటువులన్నీ కలిసి ఒక సంభాషణ అని, కవుల గురించి, కవిత్వం గురించి పండితులూ రసికులూ పద్యాల్లోనే మాట్లాడుకున్న తీరు అని. పద్యంతో పాటు దాన్ని పుట్టించిన సందర్భం కూడా కథగా నిలిచింది. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది తీసేస్తే చాటువు సగం చచ్చిపోతుంది.

ఇక్కడ రామరాజభూషణుడి దగ్గర కాస్త ఆగాలి. వసుచరిత్ర మన ప్రబంధాల్లో అతి బిగువైన నేత. ప్రతి పద్యంలోనూ శ్లేష, సంగీతం, శాస్త్రం పొరలు పొరలుగా ఉంటాయి. దాన్ని చదివినవారెవరైనా ఇది ఏళ్ళ తరబడి చెక్కిన శిల్పం అనుకుంటారు. అదే కవి తనను తాను పరిచయం చేసుకుంటూ, నూరుమంది లేఖకులకు ఒక్కసారే పద్యాలు అందించగలవాణ్ణని, ఒక ఘడియలో నూరు పద్యాలు చెప్పగలవాణ్ణని బిరుదులు చెప్పుకున్నాడు. ఘడియ అంటే 24 నిమిషాలు. అతిశయోక్తి ఉండవచ్చు. కానీ ఆ రెండు శక్తులూ ఒకే మనిషిలో ఉండటంలో వైరుధ్యం ఉందని ఆయనకు గానీ, ఆయన కాలానికి గానీ తోచలేదు. చెక్కడం వేరు, ప్రవహించడం వేరు అని విడదీయడం మనం తర్వాత నేర్చుకున్న అలవాటు. శబ్దం నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉన్నవాడికే శ్లేష దొరుకుతుంది. వేగం ఆయన చేతికి పనిముట్టయింది.

తంజావూరు నాయకరాజుల కొలువులో ఈ విద్య ఆడవారి చేతుల్లోకి కూడా వచ్చింది. రఘునాథ నాయకుడి ఆస్థానంలో రామభద్రాంబ, మధురవాణి ఆశుకవిత్వంలోనూ అవధానంలోనూ పేరు మోశారు. రఘునాథుడి కొడుకు విజయరాఘవుడి కాలానికి క్షేత్రయ్య వస్తాడు. గోల్కొండ పాదుషా ముందు నలభై రోజుల్లో 1500 పదాలు పాడానని తన పదంలోనే లెక్క చెప్పుకున్నాడు. మనకు మిగిలినవి కొన్ని వందలే. ఆ నష్టాన్ని తలుచుకుంటే బాధ వేస్తుంది. అయితే మిగిలిన పదాల్లో మాట్లాడే స్త్రీ గొంతు అంత సహజంగా, అంత దగ్గరగా వినిపించడానికి, ఎదుట ఒకరు వింటుండగా పాడటమే కారణమని నాకనిపిస్తుంది. ఆ గొంతు ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతుంది. చెలికత్తెతో, దూతికతో, ఎదురుగా నిలబడ్డ మువ్వగోపాలుడితో.

కొలువు బయట ఈ విద్య ఇంకా విస్తారంగా ఉండేది, దానికి బిరుదులు లేవు, అంతే. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికి దూకుతారు. రాముడి మాట మారదు, పోలిగాడి మాట ఊరికో రకంగా మారుతుంది. ఆ ఊరి కరణం, ఆ ఏటి వర్షం, ముందు వరసలో నిద్రపోతున్న పెద్దమనిషి, అందరూ అతని నోట పడతారు. భామాకలాపంలో సత్యభామను కదిలించే మాధవి పాత్ర కూడా అంతే. ప్రశ్న వేసి, వెక్కిరించి, భామ నోట మాట రప్పించడమే ఆమె పని. పెళ్ళి పందిట్లో వియ్యపురాలి మీద పాట కట్టిన ఆడవాళ్ళకు బాణీ ముందే ఉంటుంది. పేరు, ఊరు, కట్టిన చీర రంగు, భోజనాల దగ్గర జరిగిన సంగతి అప్పటికప్పుడు అందులో పడతాయి. సగం కట్టడి, సగం స్వేచ్ఛ. మన జానపద రూపాలన్నిటిలో ఈ పాలు దాదాపు ఇలాగే ఉంటుంది.

హరికథను అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) ఒక మహాకళగా తీర్చారు. ఆయన అవధానాలూ చేశారు, బహుభాషలు నేర్చారు, విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులయ్యారు. హరికథలో దాసు కథ నడుపుతూ సభ ముఖం చదువుతాడు. సభ మందగించిందనుకుంటే పిట్టకథ. ఎక్కడ విడిచి వెళ్ళాడో అక్కడికి మళ్ళీ వచ్చి, ఆ పిట్టకథలోని ఏదో ఒక ముక్కను అసలు కథకు తగిలించాలి. అలా తగిలించలేనివాడికి పిట్టకథ ఒక దారి తప్పడం మాత్రమే. తగిలించగలిగినవాడు మాత్రం శ్రోత దాన్ని మర్చిపోయి ఉన్న క్షణంలోనే ముడి వేసి చప్పట్లు కొట్టిస్తాడు.

పందొమ్మిదో శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యుల వంటి వారు నిలబెట్టిన అవధాన విద్యను దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) తెలుగునేల నాలుగు చెరగులకూ మోసుకెళ్ళారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకున్న ఈ జంట గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి, పిఠాపురం వంటి సంస్థానాలు తిరిగి అవధానాలు చేసింది. ఆ తిరుగుళ్ళే ‘నానారాజసందర్శనం’ అయ్యాయి. ఈ విద్యను రచనాభ్యాసంగా చూడాలంటే అష్టావధానంలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి.

ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అడిగేవారు. ఒకరు సమస్య ఇస్తారు: ఒక పాదం, తరచు అసంబద్ధమైనది, కొన్నిసార్లు అశ్లీలంగా కూడా వినిపించేది. అవధాని మిగిలిన మూడు పాదాలు చెప్పి ఆ చివరి పాదానికి అర్థం కల్పించాలి. మూడో పాదం చివర ఒక అక్షరం చేర్చి నాలుగో పాదం మొదటి మాట రూపమే మార్చేస్తాడు, లేదా ఆ అసంబద్ధాన్ని ఒక పిచ్చివాడి నోట పెడతాడు, లేదా మూడు పాదాల్లో వరసగా ప్రశ్నలు వేసి చివరి పాదంలోని మాటలను వాటికి జవాబులు చేస్తాడు. ముగింపు ముందే ఖాయమైంది, దారి కనుక్కోవాలి. ఇంకొకరు దత్తపది ఇస్తారు. పూరి, వడ, దోసె, చారు అన్న నాలుగు మాటలు వాడి అశోకవనంలో సీతను వర్ణించమంటారనుకోండి. తిండి పేర్లు తిండి అర్థంలో రాకూడదు. అవధాని నిట్టూర్పు పూరించిన గొంతును, వడలిన ముఖాన్ని, దోసెడు కన్నీళ్ళను, చారుశీలను వెతుక్కుంటాడు. సీతను వర్ణించమని ఊరికే అడిగి ఉంటే ‘దోసెడు కన్నీళ్ళు’ తట్టేవి కావు. మాట బయటి నుంచి వచ్చింది కనుకే బొమ్మ కొత్తగా వచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏ అక్షరం రావడానికి వీలుందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. ‘రా’ అన్నాడంటే ‘మ’ వద్దంటాడు. అవధాని ‘ఘ’ వైపు తిరుగుతాడు. అక్కడా తలుపు మూస్తే ఇంకోవైపు. మంచి పృచ్ఛకుడికి అవధానికి ఉన్నంత పాండిత్యం ఉండాలి, ఎందుకంటే అందరికీ మొదట తట్టేది ఏమిటో అతనికి తెలిసి ఉండాలి. అతని పనంతా అదే: అలవాటైన మాటను గుమ్మంలోనే ఆపేయడం. కథ రాసేవాళ్ళు ఇంటి దగ్గర ఒంటరిగా ఎంత శ్రమపడినా చేయలేని పని అది. మన మనసు మనకు అరిగిపోయిన మాటనే ముందుగా అందిస్తుంది, అందించి అది కొత్తదేనని నమ్మిస్తుంది కూడా.

ఈ మధ్యలో అప్రస్తుత ప్రసంగి. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే అతని హక్కు. ఇంట్లో కూర ఏమిటని అడుగుతాడు, రాజకీయం అడుగుతాడు. దానికి చమత్కారంగా జవాబు చెప్పి, మళ్ళీ సగంలో ఉన్న పద్యం దగ్గరికి వెళ్ళాలి. వెనక గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క ఉండాలి. నాలుగు ఆవృత్తులు, అంటే పృచ్ఛకులందరినీ చుట్టివచ్చే నాలుగు చుట్లు, పూర్తయ్యాక ధారణ: ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ మళ్ళీ మొదటి నుంచి పూర్తిగా అప్పజెప్పాలి. చాలామందికి ధారణ జ్ఞాపకశక్తి పరీక్షగా కనిపిస్తుంది. దాన్ని మరోలా చూడమని నా మనవి. వదిలేసిన ప్రతి దారాన్ని వెనక్కి వెళ్ళి చేతిలోకి తీసుకోవడం అది. మొదటి ఆవృత్తిలో ఏమన్నాడో గుర్తులేనివాడు నాలుగో ఆవృత్తిలో పద్యాన్ని ముగించలేడు.

ఈ విద్యకు చీడ కూడా పట్టింది. పల్నాటి సీమకు చెందిన కొప్పరపు సోదరకవులు, వేంకటసుబ్బరాయకవి, వేంకటరమణకవి, అసాధారణ వేగానికి పేరుపడ్డారు. గంటకు కొన్ని వందల పద్యాలు చెప్పేవారని అప్పటి సభలు చూసినవారు రాశారు. వారికీ తిరుపతి వేంకట కవులకూ నడిచిన స్పర్ధలో ఊళ్ళు రెండు పక్షాలయ్యాయి, ఖండన మండనాలు అచ్చయ్యాయి. వేగమే కొలమానమైనప్పుడు పద్యం ఒక గణాల పోగుగా మిగిలే ప్రమాదం ఉంది. ఆనాటి అవధాన పద్యాల్లో చాలా వాటిని ఇవాళ చదివితే పృచ్ఛకుడి తెలివి ముందు కనబడుతుంది, కవి తర్వాత. ఆ కవులకు మహాశక్తి ఉంది, అందులో సందేహం లేదు. ఆ శక్తిలో ఎంతో భాగం సభ ముగిసేసరికి ఖర్చైపోయింది.

ఖర్చు కాకుండా నిలిచిన ఒక్క ఆశుపద్యం గురించి చెప్పాలి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడినప్పుడు ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగు చేశారు. ఆ సభలోనే, అప్పటికప్పుడు, ఆయన ఒక పద్యం చెప్పారు. దేశం పాడియావు, మనం ఆకలితో ఏడ్చే లేగలు, దొరలు గొల్లలై లేగల మూతులు కట్టి పాలు పిండుకుంటున్నారు. నాలుగు పాదాల్లో అంత అర్థశాస్త్రం. తెల్లారేసరికి అది ఊరి నోట పడింది, తర్వాత దశాబ్దాలు బతికింది. అక్కడ పృచ్ఛకుడు ఎవరూ ప్రశ్న వేయలేదు, జనమే ప్రశ్న.

నాటకంలో, వచనంలో ఆశువు వేరే వేషాల్లో తిరిగింది. ‘కన్యాశుల్కం’ గిరీశం తెలుగు సాహిత్యంలోనే గొప్ప ఆశుకర్త. ఎదుటివాడు ఏ మాట అన్నా దాన్ని కాదనడు, అందుకుంటాడు, దాని మీద ఇంకో అంతస్తు కడతాడు. వెంకటేశం ముందు ఒకలా, బుచ్చమ్మ ముందు ఒకలా, అగ్నిహోత్రావధాన్లు ముందు మరొకలా. గురజాడ అతని మాటలను ఎంత చెక్కి రాశారో మనకు తెలుసు: 1897లో అచ్చైన నాటకాన్ని తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. ఆ చెక్కడమంతా చివరికి అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించే మాట కోసమే.

చెళ్ళపిళ్ళ వారి ఆశుశక్తి పూర్తిగా ఫలించింది ఆయన వచనంలో అని నేను నమ్ముతాను. తిరుపతిశాస్త్రి గారు పోయాక కూడా జంట పేరు విడవకుండా రాసిన ఆయన, ముసలితనంలో చెప్పిన ‘కథలు-గాథలు’ చదవండి. ఒక విషయం మొదలుపెట్టి, ఒక పేరు తగలగానే ఆ పేరు వెంట వెళ్ళి, అక్కడో పద్యం, అక్కడో తగాదా, అక్కడో ఊరి భోజనం, మళ్ళీ మొదటి విషయం. అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్పి పద్యంలోకి తిరిగి వెళ్ళే అవధాని నడకే ఇది. ఆ వచనంలో బిగువు లేదని అనేవారుంటారు. బిగువు ఉంది, అది వాక్యంలో లేదు, తిరిగిరావడంలో ఉంది.

ఆయన బందరు శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను తమ్ముడు వేంకటేశ్వర్లుకు 29 రోజుల్లో చెప్పి రాయించారని ప్రసిద్ధి. దాదాపు వెయ్యి పుటల నవల. దానికి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి, బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిపి వచ్చింది. నవలను గొంతుతో రాయడం మనకు పెద్దగా అలవాటు లేదు. అవధాన గురువు దగ్గర పెరిగిన కవికి అది సహజమే అయింది. ఆ నవల సందుల్లో ప్రవేశించే చర్చలు, పిట్టకథలు, ఆవేశాలు చదువుతుంటే ఎదురుగా ఒకరు వింటూ రాస్తున్నారని తెలుస్తుంది. అమెరికాలో జాక్ కెరొయాక్ 1951 ఏప్రిల్‌లో మూడు వారాల పాటు, దాదాపు 120 అడుగుల కాగితపు చుట్ట మీద ఆగకుండా ‘ఆన్ ద రోడ్’ టైపు చేశాడన్నది లోకమంతా చెప్పుకునే కథ. అతని వెనక కూడా ఏళ్ళ నోటు పుస్తకాలున్నాయి. విశ్వనాథ వెనక నందమూరు ఊరు, బందరు చదువు, బాల్యమంతా విన్న పురాణాలు ఉన్నాయి. నిల్వ లేనివాడికి ఆశువు రాదు.

భావకవుల కాలం నుంచి పృచ్ఛకుడు తెలుగు కవిత్వంలోంచి వెళ్ళిపోవడం మొదలైంది. కవి తన ఏకాంతంలోకి వెళ్ళాడు, అడిగితే చెప్పడం చిన్నతనమైంది. దానికి న్యాయమైన కారణాలున్నాయి: సంస్థాన ప్రభువు మెప్పు కోసం పద్యం చెప్పే రోజులు పోవాల్సిందే. ఆ ఊపులో అడిగే మనిషి కూడా పోయాడు. 1919లో పారిస్‌లో ఆంద్రే బ్రెటన్, ఫిలిప్ సూపో కలిసి, తర్కానికి చిక్కకుండా వేగంగా రాసుకుంటూ పోయే స్వయంచాలిత రచన మొదలుపెట్టారు. ఆ అధివాస్తవిక గాలి మనకు శ్రీరంగం నారాయణబాబు ‘రుధిరజ్యోతి’ కవితల్లో గట్టిగా తగిలింది, శ్రీశ్రీకీ సోకింది. ఆ పద్ధతిలో కవి తన లోపలి మనిషినే పృచ్ఛకుణ్ణి చేసుకుంటాడు. దాని వల్ల వచ్చిన మెరుపులు నిజమైనవే. కానీ లోపలి మనిషి అడ్డు చెప్పడు. కాసేపటికి అతనూ అలవాటైన బొమ్మలే అందిస్తాడు. పారిస్ మిత్రులు 1925 ప్రాంతంలో కాగితం మడిచి, ముందువాడు రాసింది కనబడకుండా ఒక్కొక్కరు ఒక్కో మాట చేర్చే ఆట కనిపెట్టుకున్నది ఇంకో మనిషి అవసరం తెలిసే కావచ్చు.

శ్రీశ్రీ తర్వాతి రోజుల్లో ప్రాసక్రీడలు, లిమఋక్కులు రాస్తే కొందరు విప్లవకవికి ఈ ఆటలేమిటన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆయన చెవి ఆ ఆటల్లోనే పదును నిలుపుకుంది.

పృచ్ఛకుడు పూర్తిగా పోలేదు, సినిమా పరిశ్రమలోకి వెళ్ళి సంగీత దర్శకుడయ్యాడు. ట్యూను ముందు, మాట తర్వాత అన్న పద్ధతిలో కవికి అందేది అర్థం లేని శబ్దాల గొలుసు. దాన్ని సందర్భంలో పొదగాలి, అదీ నిర్మాత ఎదురుగా కూర్చుని ఉండగా. వేటూరి సుందరరామమూర్తి గారికి ఈ విద్య పండింది. సంప్రదాయ సాహిత్యమంతా నాలుక మీద ఉండటం వల్ల బాణీ ఎటు తిప్పితే మాట అటు తిరిగేది. ఆ వేగంలో తేలిపోయిన పాటలు ఉన్నాయి, ఆ వేగం లేకపోతే పుట్టని పాటలూ ఉన్నాయి. జనం మధ్యలో షేక్ నాజర్ బుర్రకథను నిలబెట్టారు. కథకుడి పక్కన హాస్యపు వంత, రాజకీయపు వంత నిలబడి మధ్యలో అడ్డుపడి అడుగుతుంటే కథ వీరుడి కాలం నుంచి నిన్నటి పేపరులోకి దూకుతుంది. పల్నాటి యుద్ధం చెప్పిన గొంతే బెంగాల్ కరువూ చెప్పింది. ఆ వంతలిద్దరూ పృచ్ఛకులే. తర్వాత గద్దర్ పాటలో పల్లవిని జనం అందుకుంటుంటే, చరణాల మధ్య వచ్చే మాట ఊరిని బట్టి మారేది.

ఇదే ఇరవయ్యో శతాబ్దంలో పడమట నాటకశాలల్లో ఈ విద్యకు వేరే శాస్త్రం పుట్టింది. చికాగోలో వయోలా స్పోలిన్, వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ, నటన నేర్పడానికి ఆటలు తయారుచేశారు. 1963లో వాటిని పుస్తకంగా తెచ్చారు. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో స్థాపించిన ‘సెకండ్ సిటీ’ నుంచి ఆశునాటకం ఒక ఉద్యమమైంది. లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేసి తర్వాత కెనడా వెళ్ళిన కీత్ జాన్‌స్టన్ 1979లో ‘ఇంప్రో’ రాశారు. ఆ పుస్తకం నటులకే కాదు, రచయితలకూ పనికొస్తుంది. ఎదుటివాడు ఇచ్చినదాన్ని తోసిపుచ్చకుండా అందుకోవాలంటారు. కొత్తగా ఉండాలని పాకులాడితే అందరూ ఒకే ‘కొత్త’ దగ్గరికి చేరతారంటారు. కథ చెప్పేవాడు వెనక్కి నడిచే మనిషిలా ఉండాలని, ముందేముందో తెలియకపోయినా వెనక వదిలినవి కనబడుతుండాలని, వాటిని మళ్ళీ కథలోకి తేవడంతోనే నిర్మాణం పుడుతుందని ఆయన బోధ. చదివినప్పుడు నాకు ధారణ గుర్తొచ్చింది.

రెండిటికీ తేడా ఉంది, అది చిన్నది కాదు. జాన్‌స్టన్ శిష్యుడికి పృచ్ఛకుడు తోడు. ఏదిచ్చినా అవునని అందుకుని ఇంకొకటి కలుపుతాడు. మన పృచ్ఛకుడు అడ్డు. వద్దంటాడు, చిక్కుముడి వేస్తాడు. పాశ్చాత్య పద్ధతి భయాన్ని పోగొడుతుంది, అవధాన పద్ధతి అలవాటును పోగొడుతుంది. కథ మొదలుపెట్టలేక కూర్చున్నవాళ్ళకు మొదటిది కావాలి. కథ రాయడం బాగా వచ్చేసినవాళ్ళకు రెండోది కావాలి. ఇవాళ తెలుగులో కథ రాసేవాళ్ళలో రెండో రకం వారే ఎక్కువ. మొదటి పేరా చదవగానే ఆఖరి పేరా తెలిసిపోయే కథలు పత్రికల నిండా ఉన్నాయి. రాసినవారికి భాష వచ్చు, అనుభవం ఉంది, జాలి ఉంది. అడ్డుపడే మనిషే లేరు.

అవధానం మాత్రం బతికే ఉంది. గరికిపాటి నరసింహారావు, మాడుగుల నాగఫణిశర్మ, మేడసాని మోహన్ వంటి వారు సహస్రావధానాల దాకా తీసుకెళ్ళారు. ఆకాశవాణి సమస్యాపూరణాలకు ఉత్తరాలు రాసిన బడిపంతుళ్ళు, గుమాస్తాలు, గృహిణులు ఎందరో. అమెరికా తెలుగు సభల్లోనూ అష్టావధానానికి జనం కూర్చుంటున్నారు. ఛందస్సు తెలియని పిల్లలు కూడా సమస్య ఎలా విడిపోతుందో అని కుర్చీ అంచున కూర్చోవడం ఆ సభల్లో చూడవచ్చు. కానీ ఈ విద్య పద్యం గడప దాటి కథలోకి, నవలలోకి, వచన కవితలోకి రాలేదు. అవధానులు వచన రచయితలను పిలవరు, వచన రచయితలు అవధానాన్ని పాతకాలపు గారడీ అనుకుంటారు. ఇద్దరికీ నష్టమే.

తేవడం కష్టమేమీ కాదు. కథాశిబిరాల్లో పెద్దలు ఉపన్యాసాలు ఇచ్చే రెండు గంటల్లో ఒక గంట దీనికి ఇవ్వవచ్చు. ఒకరు కథను నోటితో చెప్పాలి, పక్కవారు నిషిద్ధం పట్టాలి, అక్షరానికి బదులు సంఘటనకు. తల్లి ఉత్తరం తెరిచింది అనగానే ‘ఏడవకూడదు’ అనాలి. కొడుకు ఊరికి వచ్చాడు అనగానే ‘ఇల్లు పాడుబడి ఉండకూడదు’ అనాలి. అప్పుడా తల్లి ఉత్తరాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి కొలత గిన్నె కోసం వెతకవచ్చు, కొడుకు తన గదిలో ఎవరో అద్దెకున్న మనిషిని చూసి బూట్లు బయటే విడవవచ్చు. దత్తపదికి వీధి మాటలు ఇవ్వాలి. మీటరు రీడింగు, పసుపుతాడు, ఓటీపీ, ఆవకాయ జాడీ తీసుకుని ఒక అన్నదమ్ముల తగాదా చెప్పమనాలి. సమస్యగా ఆఖరి వాక్యం ఇచ్చేసి దారి కనుక్కోమనాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి లేచి ఆ తల్లికి ఇష్టమైన సినిమా ఏదని అడగాలి. రచయితకు జవాబు తెలియకపోతే ఆ పాత్ర ఇంకా తయారు కాలేదని ఇద్దరికీ అర్థమవుతుంది. చివర ధారణ: కాగితం చూడకుండా కథంతా మళ్ళీ చెప్పించాలి. చెప్పేటప్పుడు ఏ పేరా జారిపోతుందో దాన్ని ఎర్రసిరాతో గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్ళి రాసేటప్పుడు ముందు దాన్ని తీసేసి చూడమనాలి. ఆ కొలత గిన్నె మాత్రం ఎవరికీ జారిపోదు, అది ఇంకో రెండు చోట్ల రావడానికి అప్పుడే దారి వెతుక్కుంటూ ఉంటుంది.